నడుము మీద బొట్లు

మడకశిర,
13-7-2025, ఆదివారం.

నా నడుము గురించి నువ్వు అబద్ధం రాసి, కింద సంతకం పెట్టి, మా హెచ్.ఆర్. లక్ష్మీపతి చేతికిచ్చావు.

శుక్రవారం మా నడుము నొప్పుల మీద విచారణకు ఫ్యాక్టరీకి ప్రభుత్వ ఆఫీసరు వచ్చాడు. మా లైన్ మొత్తం నిలబడి ఉండగా లక్ష్మీపతి జేబులోంచి కాగితం తీసి గట్టిగా చదివాడు. "నా చెల్లెలు ఈశ్వరికి నడుము నొప్పి 2021లో కాన్పు ఆపరేషన్‌కు వెన్నులో సూది వేసినప్పటి నుంచి ఉన్నది. అంతకు ముందు ఏ నొప్పీ లేదు. కాన్పుకు దగ్గరుండి తీసుకుపోయినది నేనే. ఇట్లు, హేమలత, ఆశా కార్యకర్త, బత్తలపల్లె." ఆయన చదవకముందే నాకు తెలిసిపోయింది. కాగితం వెనక నుంచి కూడా నీ అక్షరాలు కనిపిస్తాయి, అంత ఒత్తి రాస్తావు. నా చేయి పట్టుకుని పలక మీద దిద్దించినప్పుడూ అట్లే ఒత్తేదానివి.

ఫోన్ ఎందుకు చేయలేదంటే, ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నా కోపం నీళ్లయిపోతుంది. ఈసారి కానివ్వను. నువ్వు చేసినా ఎత్తను. రాయి.

ఆ కాగితం దేన్ని చెడగొట్టిందో విను. మేం కుట్టుమిషన్ల ముందు కూర్చునేది వీపు లేని ఇనప స్టూళ్ల మీద. గంటకు తొంభై కాలర్లు కుట్టాలి. తల కిందికి, కుడికాలు పెడల్ మీద, ఎనిమిది గంటలు. మేం అడిగింది వీపు ఆనే కుర్చీలు, పూటకొక పది నిమిషాల విరామం. అంతే. లక్ష్మీపతి ఏమన్నాడో తెలుసా? "ఈపు ఆనిస్తే మీకు నిద్రొస్తాదమ్మా." 

చెబితే వినలేదు కాబట్టి బొమ్మ గీశాం. కటింగ్ సెక్షన్‌లో పారేసే పొడుగు కాగితం తెచ్చి క్యాంటీన్‌లో పరిచి, హబీబాను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, సువార్త సుద్దతో చుట్టూ గీసింది. ఈ ఇద్దరూ నాకు అటూ ఇటూ మిషన్ల వాళ్లు. ఎవరికి ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ ఒక బొట్టు బిళ్ల అంటించాలి. వాళ్లిద్దరూ బొట్టు పెట్టుకోరు కదా, నా అట్టలోంచి ఇచ్చాను. "నొసట పెట్టుకుంటే మా ఆయన అడుగుతాడు, నడుముకు పెట్టుకుంటే ఎవురడుగుతారు లేమ్మే" అని హబీబా అంటే అందరం ఒకటే నవ్వు. ముప్పై ఎనిమిది మందిమి. తొంభై ఒక్క బొట్లు. మెడ మీద, భుజాల మీద, మణికట్ల మీద. నడుము దగ్గరికొచ్చేసరికి కాగితం కనపడలేదు, బొట్టు మీద బొట్టు. మాలో ఒక్కరికీ నలభై దాటలేదు.

ఆఫీసరు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అప్పుడు లక్ష్మీపతి నీ కాగితం తీశాడు. చదివి, "చూసినారా సార్. బొమ్మ గీయించిన ఆమెదే కాన్పు నొప్పి. సొంత అక్కే రాసిచ్చింది. పిల్లల్ని కనమని మేం చెప్పినామా?" అన్నాడు. చుట్టూ మగవాళ్లు నవ్వారు.

ఆఫీసరు మళ్లీ అడిగాడు, "పెళ్లి కానోళ్లలో ఎవరికన్నా నొప్పి ఉంటే చెయ్యెత్తండమ్మా." మా లైన్లో పెళ్లి కానివాళ్లు పదకొండు మంది. పదకొండు మందీ బొట్లు అంటించినవాళ్లే. ఒక్క చెయ్యి లేవలేదు. పదిమందిలో నడుము నొప్పని చెయ్యెత్తిన పిల్లకు సంబంధం యాడనుంచి వస్తుంది? నేను వాళ్లను తప్పు పట్టను. నిన్ను పడతాను.

ఆగస్టు 19న మళ్లీ వస్తాడట. అప్పుడు రాసేదే ఆఖరు. ఇంకేమన్నా రుజువులుంటే ఆ రోజుకు పెట్టమన్నాడు.

లక్ష్మీపతి నీకేమిచ్చాడు? ఏమి తీసుకుని రాశావు? చెప్పు.

ఈశ్వరి
('నీ చెల్లెలు' అని రాద్దామంటే చేయి రాలేదు.)


బత్తలపల్లె,
17-7-2025.

ఈశూకు, నీ మీద ఏ కోపమూ లేని హేమక్క రాసేది.

నీ జాబు మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏం తీసుకున్నానని అడిగావు. లక్ష్మీపతి కారులో వచ్చాడు. మంచినీళ్లు నేనే ఇచ్చాను. ఒక్క కొబ్బరిచిప్ప కూడా వాని దగ్గర ముట్టలేదు. నీ బిడ్డ మీద ఒట్టు.

ఇక్కడ విత్తి ఇరవై రోజులైంది. శెనక్కాయ మొలకలు తలెత్తి ఆకాశం కేసి చూస్తున్నాయి, ఆకాశం మాత్రం వాటి కేసి చూడలేదు. మీ బావ ఆదెన్న రోజూ చేనుకు పోయి వంగి చూసి వస్తాడు. చూస్తే పెరుగుతాయా? నాకు బీపీ సర్వే ఒకటి, ఇంటింటికీ తిరగమన్నారు.

లక్ష్మీపతి చెప్పింది చెబుతాను. "పని వల్లే నడుము పోయిందని తేలిందనుకో అమ్మా, పనికి పనికిరాదని ఇంటికి పంపిస్తారు. కాన్పు నొప్పి అని మీరు రాసిస్తే తేలిక పని ఇస్తాం, చెకింగ్ టేబుల్ కాడ" అన్నాడు. నీకు మిషన్ తప్పుతుంది కదా అని రాశాను. టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని చొక్కాలు చూసుకునే పని కదా అది? నీ మేలు కోరి రాశానే గానీ నిన్ను అమ్ముకోలేదు.

అయినా అబద్ధమేం రాశాను? నేను తిరిగే నూటముప్పై ఇళ్లలో ఏ ఆడకూతుర్ని అడిగినా అదే మాట. "ఆ సూది ఏసినప్పటి నుంచీ నడుము నాది కాదక్కా." ఆ పొద్దు ఆస్పత్రిలో నిన్ను ఒక పక్కకు ముడుచుకుని పడుకోమన్నారు. నీ మొగుడు తిప్పేష్ గొర్రెలు తోలుకుని కర్ణాటక దిక్కు పోయినాడు, ఫోన్ కలవలేదు. ఒప్పుకోలు కాగితం మీద నేను సంతకం పెట్టాను. సూది దిగేటప్పుడు నువ్వు నా చేతిని కొరికినావు, గుర్తుందా? ఆ రోజు నుంచి నువ్వు నడుము పట్టుకున్నప్పుడల్లా నాకు నా సంతకమే కనపడుతుంది.

మొన్న బిస్కెట్ల రేకుడబ్బా తీసి నీ పాత జాబులన్నీ చదువుకున్నాను. మొదటి జీతంతో నాకు చెప్పులు కొన్నానని రాసినావే, అది చదివి నవ్వుకున్నా. అవి రెండూ ఎడమ కాలివే వచ్చినాయి కదా.

పాపకు ముద్దులు. మీ అత్త హనుమంతమ్మకు నమస్కారాలు చెప్పు. 

నువ్వు రాయకపోయినా,
నీ అక్క
హేమలత


మడకశిర,
24-7-2025.

తేలిక పని దొరికింది. నీకు చెప్పాలి కదా, నువ్వు ఇప్పించిందే.

సోమవారం నుంచి చెకింగ్ టేబుల్. అక్కడ కుర్చీ ఉంటుందని నీకు ఎవరు చెప్పారు? టేబుల్ నా రొమ్ముల ఎత్తుంది. నిలబడి దారాలు కత్తిరించాలి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర వరకు, అన్నానికి తప్ప కూర్చోవడం లేదు. మిషన్ దగ్గర వీపు లేని స్టూలన్నా ఉండేది. నువ్వు అదీ తీయించావు. చట్టం పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాను, నిలబడి పనిచేసేవాళ్లకు సందు దొరికినప్పుడు కూర్చునే వసతి ఉండాలని రాసుంది. సూపర్‌వైజరుకు చూపిస్తే, "పుస్తకంలో ఉంటే పుస్తకం మీద కూర్చోపో" అన్నాడు.

అది కూడా ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. మంగళవారం అన్నం దగ్గర హబీబా పక్కన కూర్చోబోతే టిఫిన్ డబ్బా జరుపుకుంది. "మా నడుములు కాయిదం మీద పెట్టి నువ్వు పోయి తేలిక పని సంపాదించుకుంటివే. మీ అక్కతో రాయించుకుంటివని అందరికీ తెలుసు లేమ్మే." సువార్త తల వంచుకుని తింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. వాళ్లు నన్ను నమ్మి ఆ కాగితం మీద బొట్లు పెట్టారు. నేను నిన్ను ఎంత నమ్మానో వాళ్లు నన్ను అంత నమ్మారు. ఇప్పుడు మా లైన్లో నా పేరు లక్ష్మీపతి మనిషి.

సూది సంగతి. బుధవారం సెలవు పెట్టి ప్రభుత్వాసుపత్రికి పోయాను. లేడీ డాక్టరును సూది గురించే అడిగాను. "గుచ్చిన చోట నాలుగు రోజులు సలుపు ఉండచ్చమ్మా. నాలుగేళ్లు ఉండదు. ఇంతకీ నువ్వేం పని చేస్తావు?" అంది. అక్కా, ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. కాన్పులెన్ని అని అందరూ అడిగారు. నువ్వు కూడా ఇంటింటికీ తిరిగి కాన్పులు రాసుకుంటావు కదా, ఆ ఆడవాళ్లు రోజుకు ఎన్ని బిందెలు మోస్తారో, ఎన్ని గంటలు వంగి కలుపు తీస్తారో ఒక్కరినన్నా అడిగావా?

ఇంట్లో మా అత్తదీ నీ మాటే. రోజూ ఉప్పు మూట కాచి నడుముకు పెడుతూ, "కాన్పయినంక నడుము నొయ్యనోళ్లు ఎవురే? మొగోళ్లు" అంటుంది. నవ్వొస్తుంది, మళ్లీ ఏడుపొస్తుంది.

సరే. ఏడుపు పక్కన పెట్టి పని మాట. ఆఫీసరుకు కావలసింది ఒకటే: కాన్పు కాకముందే నొప్పి ఉందని చూపించే కాగితం. అది నీ దగ్గర ఉంది. 2018 మార్చిలో, నాకు పెళ్లి కాకముందు, ఇదే ఫ్యాక్టరీ హాస్టల్ నుంచి నీకు రాశాను. అప్పుడు నేను రాత గట్టిపడాలని వారానికొక జాబు రాసేదాన్ని. అందులో ఉంది, నడుములో మేకు దిగ్గొట్టినట్టు ఉందని, లేచి నిలబడాలంటే మిషన్ పట్టుకుని లేవాల్సి వస్తోందని. కవరు మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ ఉంటాయి. పాప పుట్టింది 2021లో. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ కవరు పంపించు. నువ్వు రాసింది తప్పని కూడా చెప్పనక్కర్లేదు. ఆ ఒక్కటి పంపించు, నిన్ను అక్కా అని మళ్లీ పిలుస్తాను.

ఈశ్వరి


బత్తలపల్లె,
28-7-2025.

ఈశూ,

నిలబడే పని అని నాకు తెలియదు. వాడు టేబుల్ అన్నాడు, టేబుల్ అంటే కుర్చీ ఉంటుందనుకున్నాను. మా ఆఫీసులో టేబుల్ ఉన్న ప్రతి మనిషికీ కుర్చీ ఉంది.

నువ్వు అడిగిన జాబు వెతికాను. 2018 జాబులకు చెదలు పట్టాయి. డబ్బా అడుగంతా మట్టి. ఏమీ మిగల్లేదు. 

దీన్ని ఇంతటితో వదిలెయ్యి. నీకు తెలియనివి కొన్ని ఉంటాయి. మీ అత్త పెళ్లికి ముందు మన ఇంటికొచ్చి, "పిల్లకు ఏ నొప్పీ లేదు కదా, మాది గొర్రెల ఇల్లు, నీళ్లు దూరం" అని నన్నే అడిగింది. లేదని అమ్మవారి కుంకుమ చేతిలో పట్టుకుని చెప్పాను. ఇప్పుడు ముందే ఉందని నువ్వు ఆఫీసర్ల ముందు పెడితే ఆమె ముఖం నేనెట్లా చూడాల? పైగా ఆశా కార్యకర్త తప్పుడు కాగితం రాసిందని తేలితే నా పని ఉంటుందా?

నడుము నొప్పి నీ ఒక్కదానికే ఉందా? నాకూ పద్నాలుగేండ్లుగా ఉంది. నువ్వు ఇంకా బడికి పోతుండగానే మొదలైంది అనుకో. ఎవరికి చెప్పాను? ఎవరి మీద కేసు వేశాను? పొద్దున మంచం పట్టె పట్టుకుని లేస్తాను, లేచి పనికి పోతాను. ఆడదాని నడుము అట్లాంటిదే. 

వానలు లేవు. మొలకలు వాడుతున్నాయి. 

హేమలత


మడకశిర,
3-8-2025, ఆదివారం.

చెదలు తినలేదు. నువ్వు దాచావు.

పదిహేడో తేదీ జాబులో నువ్వే రాశావు, మొన్ననే రేకుడబ్బా తీసి అన్నీ చదువుకున్నానని, చెప్పుల జాబు చదివి నవ్వుకున్నానని. ఆ చెప్పుల జాబు 2018 ఫిబ్రవరిది. నడుము జాబు దాని తర్వాతిది. చెదలకు చెప్పులు రుచించక నడుము మాత్రం తిన్నాయా? అదీ రేకుడబ్బాలోకి దూరి? నాకు చదువు నేర్పి నువ్వు చేసిన తప్పు ఇదే అక్కా, నేను చదివింది మర్చిపోను.

ఇంకొకటి నువ్వు మర్చిపోయావు. నా జాబులు నీ దగ్గరుంటే, నీ జాబులు నా దగ్గర ఉంటాయి. పెళ్లికి తెచ్చుకున్న పెట్టెలో నీ జవాబు దొరికింది. 22-3-2018. ముద్రతో సహా ఉంది. నువ్వు రాసిందే నీకు రాస్తున్నాను, చదువుకో:

"ఈశూ, నడుము సంగతి చదివి బాధ అయింది. ఇంటికి వచ్చేస్తానని అన్నావు. ఇప్పుడు రావద్దు. మడకశిర నుంచి మంచి సంబంధం మాట్లాడుతున్నాం. ఈ నొప్పి మాట హాస్టల్లో కూడా ఎవరితోనూ అనద్దు. చూపులకు వచ్చినప్పుడు వాళ్లు బిందెలు ఎత్తమంటారంట, నీళ్లు దూరం కాబట్టి. పళ్లు బిగబట్టి ఎత్తు. తర్వాత ఎట్లయినా సర్దుకుంటుంది."

ఎత్తాను. మా అత్త మన వాకిట్లో కూర్చుని చూస్తుంటే నిండు బిందెలు రెండు, తలమీద ఒకటి, చంకన ఒకటి, కొళాయి దగ్గర నుంచి వంటింటి దాకా మోశాను. మోసి తలుపు వెనక కూలబడితే నువ్వు వచ్చి నా నోటికి నీ కొంగు అడ్డం పెట్టావు, ఏడుపు బయటికి వినపడకుండా. గుర్తుందా? ఆ కొంగు నువ్వు ఇంతవరకూ తీయలేదు.

సూది మీద నీకు ఎందుకంత నమ్మకమో ఇప్పుడు తెలిసింది. ఆస్పత్రి కాగితం మీద సంతకం పెట్టినందుకు బాధపడుతున్నావని రాస్తే నేను నిజంగా కరిగాను. రెండు రోజులు జాబు రాయలేదు కూడా. అదీ నిజమే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ తప్పయితే నీకు మోయడం సులువు. సూదిదీ, డాక్టరుదీ, విధిదీ అని నలుగురికీ పంచుకోవచ్చు. బిందెలు ఎత్తమన్న తప్పు పంచుకోవడానికి ఎవరూ లేరు. అందుకే అంతకు ముందు ఏ నొప్పీ లేదని రాశావు. నన్ను కాపాడడానికి కాదు.

మా అత్త ముఖం ఎట్లా చూడాల అన్నావు. నీకు ఆ శ్రమ తప్పించాను. గురువారం ఆమె ఉప్పు మూట కాస్తుంటే అన్నీ చెప్పేశాను. జాబు చదివి వినిపించాను. మూట పొయ్యి మీదే వదిలేసింది, గుడ్డ కాలి కంపు కొట్టింది. తిడుతుందనుకున్నా. కాలిన మూట తీసి పక్కన పెట్టి అంది, "ఆ పొద్దు నీతో బిందెలు ఎందుకెత్తించినాననుకుంటివే? మా అత్త నాతో ఎత్తించింది గనక. నాకూ అప్పటికే నడుము లేదు. మా యమ్మా ఇట్లే, నోరు మూసుకోని ఎత్తమనింది." మళ్లీ అంది, "నాలుగేండ్లు మూట కాచి పెడితిని గదమ్మే. ఒక్క పొద్దన్నా చెప్పకపోతివే." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు నీ మీద ఉన్నదే ఆమెకు నా మీద ఉంది. న్యాయమే. నిన్న సాయంత్రం మాత్రం కొత్త గుడ్డలో ఉప్పు కట్టి తెచ్చి, మాట్లాడకుండానే పెట్టి పోయింది.

శనివారం నీ 2018 జాబు హబీబాకు, సువార్తకు చూపించాను. హబీబా చదివి, "నీకంటే మీ అక్కకే ముందు మందు ఇప్పించాల" అంది. డబ్బా మాత్రం ఇంకా జరుపుకునే తింటోంది. సువార్త పక్కన కూర్చుంది. పెళ్లి కాని పిల్లల్లో ఇద్దరు నన్ను నీళ్ల కొళాయి దగ్గర పట్టుకుని, "అక్కా, మీయక్క వచ్చి తప్పయిందని చెప్తే మేమూ చెయ్యెత్తుతాం" అన్నారు. ఎవరో ఒక పెద్దది, ఇన్నాళ్లూ దాచమన్న పెద్దది, వచ్చి దాచొద్దని చెబితే తప్ప వాళ్ల చేతులు లేవవు. నా మాట చాలదు. నేను వాళ్లతోపాటు దాచినదాన్నే.

పద్నాలుగేండ్లుగా నీకూ ఉంది, ఎవరికి చెప్పాను అని రాశావు. అది గొప్పా? చెప్పి ఉంటే నేను 2018లో ఇంటికి వచ్చేదాన్ని. నీ చెల్లెలికి నువ్వు దాచావు, నాకు దాచడం నేర్పావు, రేపు నా బిడ్డ బిందె ఎత్తేటప్పుడు నేనేం నేర్పాల?

ఇప్పుడు నేను అడిగేది విను. బతిమాలడం లేదు. 

ఆగస్టు 19, మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి నువ్వు రావాల. రేకుడబ్బాలో ఉన్న నా నడుము జాబు కవరుతో సహా తేవాల. ఆఫీసరు ముందు, లక్ష్మీపతి ముందు, ఆ పదకొండు మంది పిల్లల ముందు నీ నోటితో, "నేను రాసింది తప్పు, పెళ్లికి ముందే ఉంది, దాచమన్నది నేనే" అని చెప్పాల. 

రాకపోతే నీ 2018 జాబు, పోయిన నెల రాసిన రెండు జాబులు, మూడూ ఆఫీసరు చేతిలో పెడతాను. నీ పని పోతుందన్నావు. పోవచ్చు. నువ్వే వచ్చి చెబితే తప్పు దిద్దుకున్న మనిషివి అవుతావు, నేను చూపిస్తే తప్పు దొరికిన మనిషివి అవుతావు. ఆ తేడా నీకు మిగల్చడానికే ముందుగా రాస్తున్నాను. చెల్లెలిగా నేను చేయగలిగింది అంతే.

ఈ కవరులో ఒక బొట్టు బిళ్ల పెట్టాను, ఎర్రది, పెద్దది. నీ నొసటికి కాదు. వచ్చేటప్పుడు తెచ్చుకో. బొమ్మ మీద నడుము దగ్గర జాగా లేదు గానీ, నీకోసం కొంచెం జరుపుతాను.

వస్తావా, రావా? ఫోన్ వద్దు, కాగితం మీద, ఒత్తి రాసే నీ అక్షరాలతో. ఆగస్టు 13, బుధవారం సాయంత్రం నేను ఫ్యాక్టరీ వ్యాను దిగేసరికి నీ జవాబు ఇంట్లో ఉండాల.

ఈశ్వరి